పట్టికకెక్కని పుస్తకము
(సంఘ వార్షికోత్సవ సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదిక మీద సాధారణముగా ప్రబంధములను గూర్చియో, అవధానములను గూర్చియో ప్రసంగములు జరుగుచుండును. కార్యదర్శిగారు నన్నును అట్టి విషయమునే ఎన్నుకొనుమనిరి. కాని నేను నేడు కావ్యమును గూర్చి గాక, కావ్యము వీపున అతికించు రెండంగుళముల చీటీని గూర్చి మాటలాడ నెంచితిని. ఆ చీటీని వ్రాయువారి దినచర్య యెట్టిదో ఒకనాడు చూచు అవకాశము నాకు కలిగినది. చూచిన తరువాత, ఈ సభలో చెప్పదగిన సంగతియే అని తోచినది.

మన సభ్యులలో ఒకరి కుమార్తె గ్రంథాలయ శాస్త్రములో పట్టము పొంది, ఈ నగరములోనే ఒక ప్రభుత్వ గ్రంథాలయమున ఒక సంవత్సరము శిక్షణకు చేరినది. ఇంటర్న్ అని దానికి పేరు. భృతి స్వల్పము, బస్సు ఖర్చులకును మధ్యాహ్న భోజనమునకును సరిపోవును. తన పేరు సభలో చెప్పవలదని ఆ అమ్మాయి కోరినది. గ్రంథాలయము పేరు నేనే చెప్పను. చెప్పబోవు సంగతులలో కొన్ని ఆ కార్యాలయమునకు ప్రియములు కావు. గత నెలలో ఒక శుక్రవారము సెలవు పెట్టి, అచటి అధికారి అనుమతితో, ఉదయము తొమ్మిదిన్నర మొదలు సాయంకాలము ఆరింటి వరకు ఆమె ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుంటిని.

గ్రంథసూచి, అనగా మనమందరము కాటలాగు అను దానిని, సచివాలయోద్యోగులకు వేరుగా వివరింప నక్కరలేదు. ఫైలు తెరచునపుడు దానికి శీర్షిక పెట్టుదుము. శీర్షిక సరిగా లేని ఫైలు పది సంవత్సరముల తరువాత రికార్డు గదిలో ఉన్నను లేనట్లే. అయితే ఫైలు శీర్షిక పెట్టువాడు ఫైలులోని సంగతి ఎరిగినవాడు. గ్రంథసూచి వ్రాయువారు దినమునకు ఇరువది పుస్తకములు చూతురు. ఒక్కటియు పూర్తిగా చదువరు. పేరుపుట, దాని వెనుక పుట, విషయసూచిక, పీఠిక, కడపటి పుట — ఈ ఐదింటితోనే పుస్తకమెవరిదో, ఎచట ఎన్నడు అచ్చైనదో, దేనిని గూర్చియో, ఏ అరలో నిలువవలెనో నిర్ణయింపవలెను. అటుపిమ్మట ఆ పుస్తకమును అడుగువాడు ఎవడైనను ఆ నిర్ణయము గుండానే దానిని చేరవలెను.

ఉదయపు పనిలో మొదటి భాగము ఎవరికైనను విసుగు పుట్టించును. పెట్టెలోని పుస్తకమును తీయుట, దుమ్ము దులుపుట, ముద్ర వేయుట, దాఖలా రిజిస్టరులో వరుస సంఖ్య నెక్కించుట, వెలను దిద్దుట. ఇదివరలో ఇవి చేతివ్రాతలో నడచెడివి. ఐదంగుళముల పొడవు, మూడంగుళముల వెడల్పు గల కార్డులు సొరుగులలో వరుసగా నిలిచియుండెడివి. ఆ సొరుగులు ఇప్పటికిని ఆ గదిలో గోడకు చేరియున్నవి. వాటి మీద పూలకుండీ యొకటి పెట్టిరి. పని యంతయు కంప్యూటరు మీదనే. అమ్మాయి వ్రేళ్లు కదలు వేగము చూచి నేను ఆశ్చర్యపడితిని. కాని ఆ వేగము తెలుగు పుస్తకము చేతికి రాగానే ఆగిపోయినది. ఆగుటకు కారణము ఆమె తెలుగు రాకపోవుట కాదు, వచ్చుటయే.

ఇంగ్లీషు పుస్తకము మీద రచయిత పేరులో చివరి మాట ఇంటిపేరు. దానిని ముందునకు తెచ్చి, కామా పెట్టి, తక్కిన పేరు వ్రాయుదురు. మన పేర్లలో ఇంటిపేరు మొదటనే యుండును. విశ్వనాథ సత్యనారాయణగారిని, 1970 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము పొందిన మహాకవిని, ఆ గ్రంథాలయపు పాత కార్డు ఒకటి ‘సత్యనారాయణ, విశ్వనాథ’ అని తలక్రిందులు చేసినది. గురజాడ అప్పారావుగారి పేరును ఇంగ్లీషులో విడదీసి వ్రాసిన చోట, కడపటి ‘రావు’ ఇంటిపేరై కూర్చున్నది. ‘రావు’ క్రింద ఎందరున్నారని అడిగితిని. ఆమె మీట నొక్కి చూపెను. 214 మంది! వారిలో గురజాడవారిని వెదకుట తిరుపతి కొండ మీద మన ఊరివారిని వెదకుట వంటిది.

ఇది ఎవరికిని తెలియని నియమము కాదు. 1961లో పారిసు నగరమున జరిగిన అంతర్జాతీయ సమావేశములోనే, రచయిత ఏ దేశపు పౌరుడో ఆ దేశమున స్థిరపడిన వాడుకను బట్టి పేరు నమోదు చేయవలెనని అంగీకరించిరి. అంతకు చాల ముందే, 1934లో, మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నుండిన రంగనాథన్‌గారు తమ సూచీకరణ నియమావళిని ప్రకటించిరి. నియమమున్నది. కాని ఏది ఇంటిపేరో, ఏది పెట్టిన పేరో, ఏది బిరుదో చూచి గుర్తుపట్టువాడు లేనిచోట నియమమేమి చేయును?

ఆనాడు పదకొండు గంటలకు ఒక పెద్దమనిషి వచ్చెను. పదవి విరమించిన అధ్యాపకుడట. కందుకూరి వీరేశలింగముగారి ‘స్వీయచరిత్రము’ కావలెనని ఆ సంవత్సరములోనే అది మూడవమారు వచ్చుట. రెండుమారులు లేదని చెప్పి పంపిరట. కౌంటరు దగ్గరనున్న ఉద్యోగి మూడవమారు కూడ ‘వీరేశలింగము’ అని కొట్టి, ‘కందుకూరి’ అని కొట్టి, తల అడ్డముగా త్రిప్పెను. అమ్మాయి తన బల్ల మీది నుండి లేచి వెళ్లి, ‘పంతులు’ అని వెదకినది. ఒక సంపుటము దొరికినది! ‘రావు బహదూరు’ అని వెదకినది. రెండవది దొరికినది! ఆయన గౌరవార్థము అచ్చువేసిన మాటలే ఆయనకు ఇంటిపేర్లైనవి. రెండు సంపుటములును బీరువాలో నాలుగు అరల దూరమున ఎన్నియో యేండ్లుగా నిలిచియున్నవి. ఆ పెద్దమనిషి వాటిని చేతులలోకి తీసికొని, ఎవరి మీదను కోపపడక, “అమ్మా, నువ్వెవరమ్మాయివి?” అని అడిగెను. ఆ అమ్మాయి తండ్రి పేరుతోపాటు తాతగారి ఊరు పేరు కూడ చెప్పినది. తెలుగువాడు ఆ ప్రశ్న అడిగినప్పుడు ఊరు పేరు చెప్పవలెనని ఢిల్లీలో పుట్టిన పిల్లకు ఎవరు నేర్పిరో!

ఇచట మన వృత్తికి సంబంధించిన మాట ఒకటి చెప్పవలెను. సాధారణ ఆర్థిక నియమావళిలో గ్రంథాలయ పుస్తకముల తనిఖీకి ఒక నిబంధన యున్నది. సంవత్సరములో పాఠకులు వాడిన ప్రతి వేయి సంపుటములకు ఐదు వరకు పోయినను, అది నిర్లక్ష్యము వలన కాదని తేలినచో, సమంజసమైన నష్టముగా ఎంతురు. వేయి రూపాయలకు మించిన పుస్తకము గాని, వెలతో నిమిత్తము లేకుండ అరుదైన పుస్తకము గాని పోయినచో తప్పక విచారణ జరుపవలెను. చక్కని నిబంధన. కాని ఆ ‘స్వీయచరిత్రము’ తనిఖీలో ఒక్కమారైనను పోయినట్లు తేలలేదు. సంఖ్య సరిపోయినది, పుస్తకము అరలోనే యున్నది. దొంగ ఎత్తుకొనిపోయిన పుస్తకమునకు విచారణ యున్నది గాని, తప్పుపేరుతో అరలోనే అణగిపోయిన దానికి ఏ పద్దును లేదు.

శ్రీశ్రీ విషయము చెప్పిన మీరు నవ్వుదురు. గౌరవవాచకములను పేరులో చేర్చరాదని సాధారణ నియమము. పూర్వమెవరో శ్రద్ధగల ఉద్యోగి ‘శ్రీ’ యను మాటను తొలగించెను. మరల ‘శ్రీ’ కనబడగా దానినిని తొలగించెను. రచయిత పేరు గల గడి ఖాళీ! పుస్తకము పేరు ‘మహాప్రస్థానం’. పాండవులు స్వర్గమునకు బయలుదేరిన కథ కాబోలునని దానిని మహాభారతము క్రింద 294.5923 సంఖ్యలో చేర్చిరి. 1950లో వెలువడి తెలుగు కవిత్వపు దారి మార్చిన ఆ పుస్తకము, ఇతిహాస వ్యాఖ్యానముల నడుమ వినయముగా నిలిచియుండెను. అమ్మాయి దానిని 894.8271కి, అనగా తెలుగు కవిత్వమునకు, మార్చినది. రచయిత గడిలో ‘శ్రీశ్రీ’ అని వ్రాసి, శ్రీరంగం శ్రీనివాసరావు అని వెదకినవారును అచటికే చేరునట్లు దారి పెట్టినది.

ఈ దారి పెట్టుటయే ఆ పనిలో ముఖ్యమైన నేర్పు. చలము అనువారికి గుడిపాటి వెంకట చలము, ఆరుద్ర అనువారికి భాగవతుల సదాశివ శంకర శాస్త్రి. తిరుపతి వేంకట కవులని వెదకిన, ఆ పేరుతో ‘పాండవోద్యోగ విజయములు’ వంటి నాటకములు దొరకుటయే గాక, దివాకర్ల తిరుపతి శాస్త్రిగారికిని చెళ్లపిళ్ల వేంకట శాస్త్రిగారికిని విడివిడిగా దారులుండవలెను. వారిలో ఒకరు ముందే గతించిరి. రెండవవారు 1950 వరకు జీవించి ఒంటరిగాను వ్రాసిరి గదా. ఇంటిపేరు మొదటనే యుండునని నేను పట్టుపట్టగా, అమ్మాయి మాలతీ చందూర్‌గారి నవల చూపి, “మరి ఈవిడ వెనక పెట్టుకున్నారు, బాబాయిగారూ!” అన్నది. ఇట్టివి యంత్రము చేయలేదని నేననను. ఎవరైనను ఒకమారు సరిగా చేసిపెట్టిన పిమ్మట యంత్రము చక్కగా చేయును. ఆ ఒకమారు ఎవరు చేయుదురన్నదే ప్రశ్న.

పనిలో ఉత్సాహము పుట్టించు ఘట్టము పండ్రెండు గంటలకు వచ్చినది. ఒక శతకము. నలుబది పుటలు, ఎఱ్ఱని కాగితపు అట్ట. అచ్చైన సంవత్సరము అంకెలలో లేదు. ‘విశ్వావసు నామ సంవత్సరము’ అని మాత్రమున్నది. అమ్మాయి నా వైపు తిరిగి, “ఈ విశ్వావసు ఏ విశ్వావసు?” అని అడిగినది. అరువది సంవత్సరములకు ఒకమారు తిరిగివచ్చు పేరు. 2025లో వచ్చినది, 1965లో వచ్చినది, 1905లో వచ్చినది, 1845లో వచ్చినది. కాగితము చూచి 2025 కాదని నేనును చెప్పగలను. తక్కిన మూటిలో ఏది? వెల ఆరు అణాలని యున్నది. మనదేశమున నయాపైసలు 1957 ఏప్రిలు 1న వచ్చినవి. 1965లో అచ్చైన పుస్తకమునకు అణాలలో వెల వేయరు. కనుక అది పోయినది. వెనుక అట్ట మీద పుస్తకముల ప్రకటన యున్నది. అందులో ‘కన్యాశుల్కము’ పేరున్నది. ఆ నాటకము పుస్తకముగా 1897లో వెలువడినది. కనుక 1845 పోయినది. మిగిలినది 1905. కాని ఉగాది మార్చి చివరనో ఏప్రిలులోనో వచ్చును గదా, మాసము చెప్పలేదు, కనుక 1906 తొలి నెలలు కూడ కావచ్చును. ఆమె చదరపు బంధములలో ‘1905 లేక 1906’ అని వ్రాసినది. చదరపు బంధములలో నున్నది పుస్తకములో లేదని, సూచీకర్త ఊహించి చేర్చినదని దాని అర్థము. ఏది పుస్తకము చెప్పినదో, ఏది తాను చెప్పినదో వేరుగా చూపు ఈ మర్యాద మన ఫైళ్ల మీది నోటింగులలో కూడ నుండిన ఎంత బాగుండును!

అచ్చైన స్థలము ‘చెన్నపురి’. దానిని చెన్నై అని గాని మద్రాసు అని గాని దిద్దరు. పుస్తకములో నున్నట్లే వ్రాసి, వెదకువారికి వేరే దారి చూపుదురు. బెజవాడయు అంతే, బందరును అంతే.

మధ్యాహ్నము కాంటీనులో భోజనము చేయుచు, ఈ ప్రాత అచ్చు చదువుట ఎట్లు నేర్చితివని అడిగితిని. బడిలో హిందీ, ఇంగ్లీషు. ఇంట మాటలాడుట తెలుగే గాని అక్షరములు నేర్పినది అమ్మమ్మ. ఆమెకు కంటిచూపు తగ్గిన తరువాత, భాగవతము చదివి వినిపించు పని తొమ్మిదేండ్ల ఈ పిల్లకు పడినది. తప్పు చదివిన చోట అమ్మమ్మ పద్యము కంఠస్థము గనుక సరిదిద్దెడిదట. అందువలన శకటరేఫమును అరసున్నను ఆ పిల్లకు వ్యాకరణములో గాక చెవిలో పడినవి. “అప్పుడు ఏడ్చేదాన్నండీ, ఆడుకోనిచ్చేది కాదు” అన్నది. భోజనశాలలో పప్పు నీళ్లవలె నున్నది; ఆ విషయము విస్తరింపను.

మధ్యాహ్నము తరువాత అక్షరముల చిక్కు ప్రారంభమైనది. కంప్యూటరులో యూనికోడు అను పద్ధతిని బట్టి ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య. మామూలు ‘ర’ ఒక సంఖ్య, బండి ‘ఱ’ వేరొక సంఖ్య. మనకు రెండును ఒకటే ధ్వని; యంత్రమునకు క, చ లంత దూరము. ప్రబంధ పరమేశ్వరుని పేరు ‘ఎర్రన’ అని కొట్టిన ఒక్క పుస్తకమును రాలేదు. ‘ఎఱ్ఱన’ అని కొట్టిన ఆరు వచ్చినవి. ‘వాఙ్మయము’ అను మాటలో ‘ఙ’ బదులు ‘జ’ వేసి ఎక్కించిన చరిత్ర గ్రంథములు నాలుగు దొరకినవి. సరియైన వర్ణక్రమముతో వెదకు పండితునికి అవి యెన్నడును దొరకవు, తప్పు వ్రాయువానికి వెంటనే దొరకును. వెంకట, వేంకట అను రెండు రూపముల సంగతి ఇక చెప్పనేల? మన సంఘములోనే వేంకటేశ్వరులు పదునేడుగురున్నారు. చందా రసీదులలో వారి పేర్లు ఎన్ని విధములుగా నున్నవో కోశాధికారిగారు ఎరుగుదురు.

సంధులు మరియొక చిక్కు. ‘శ్రీమదాంధ్రమహాభాగవతము’ అని ఒకే మాటగా అచ్చైన పేరును యంత్రము ఒకే మాటగా గ్రహించును. లోపల భాగవతమున్నదని దానికి తెలియదు. ‘శ్రీ’తో మొదలగు పేర్లన్నియు ఒకే చోట గుంపుగూడును. కనుక ఆ అమ్మాయి పుస్తకములో నున్న పేరును ఉన్నట్లే యుంచి, ‘భాగవతము’ అనియు, ‘ఆంధ్ర మహాభాగవతము’ అనియు, పోతన పేరుతోను, బమ్మెర పేరుతోను దారులు పెట్టుచుండెను. ఒక్క పుస్తకమునకు ఇరువది నిమిషములు. ప్రక్క బల్ల మీద ఇంగ్లీషు పుస్తకములు చేయు యువకుడు ఆ కాలములో ఐదు ముగించెను. నెలాఖరు పట్టికలో ఆ పిల్ల సంఖ్య తక్కువగా నుండును. ఎందుకు తక్కువో ఆ పట్టికలో వ్రాయుటకు గడి లేదు.

రోమను లిపి మరియొక చిక్కు. మనవారు ‘లత’ను ఇంగ్లీషులో వ్రాయునపుడు ‘టి’ తరువాత ‘హెచ్’ చేర్చుదురు. ఉత్తరాదివారు అది చూచి ‘లథ’ అని చదువుదురు. తాము వ్రాసిన ‘హెచ్’ లేని పేరును మనము ‘లట’ అని చదువుదుము. 1958 మొదలుకొని కలకత్తా నుండి వెలువడిన భారత జాతీయ గ్రంథసూచి అన్ని భాషల పుస్తకములను రోమను లిపిలో, అక్షరముల మీదను క్రిందను గుర్తులు పెట్టి, నమోదు చేసినది. దేశమునకంతటికి ఒకే సూచి కావలెనన్న అది మంచి ఉపాయమే. కాని ఆ గుర్తులను గమనింపక వదలివేసిన చోట పేరు పేరు కాకపోవును.

ఒక విచిత్రము. తెనాలిలో అచ్చైన ఒక నవలకు వివరములు కావలసివచ్చినవి, అట్టపుట చినిగియున్నది. అమ్మాయి తెరచి చూచినది అమెరికా దేశపు కాంగ్రెసు గ్రంథాలయపు సూచి. ఆ గ్రంథాలయమువారు 1962లో ఢిల్లీలో ఒక కార్యాలయము తెరచి, ధాన్యపు సహాయమునకు బదులుగా మనదేశము చెల్లించిన రూపాయలతో భారతీయ భాషల పుస్తకములు కొని తమ విశ్వవిద్యాలయములకు పంపుట ప్రారంభించిరి. ఆ గోధుమల రోజులు మనలో పెద్దలకు జ్ఞాపకముండును. ఆ గోధుమ తిని మరచితిమి. ఆ పుస్తకముల పేర్లు మాత్రము వాషింగ్టనులో పదిలముగా నున్నవి. 1954 నాటి పుస్తకముల అందజేత చట్టము ప్రకారము మన ప్రచురణకర్తలు ప్రతి పుస్తకమును ముప్పది దినములలో కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మరి మూడు గ్రంథాలయములకును పంపవలసియున్నది. అందరును పంపియుండిన, తెనాలి పుస్తకము కొరకు సముద్రములు దాటవలసిన పని యుండదు.

మన ప్రాంతమునకు ఈ విషయములో పేరు లేకపోలేదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో పుట్టినది. బెజవాడలో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది; అయ్యంకి వెంకట రమణయ్యగారు జీవితమంతయు దానికే ధారపోసిరి. వేటపాలెములో సారస్వత నికేతనము 1918 నాటిది. పుస్తకము ఊరి ప్రజల యొద్దకు చేరవలెనని పడవల మీద కూడ గ్రంథాలయములు నడపిన జాతి మనది. ఊరు విడిచి వచ్చిన వారి పుస్తకములు ఏమగుచున్నవో చెప్పుటకే ఇంత దూరము వచ్చితిని.

ఆ గదిలో ఒక మూల పదునాలుగు అట్టపెట్టెలున్నవి. అన్నియు తెలుగు పుస్తకములే. ఎక్కడివని అడిగితిని. ఢిల్లీలో ముప్పది, నలుబది యేండ్లు పనిచేసి పదవి విరమించిన ఉద్యోగులవి. క్వార్టరు ఖాళీ చేయు వారములో సామానుల లారీలో చోటు లేక, పిల్లలు చదువరు గనుక, మంచి చోట పెట్టితిమను తృప్తితో గ్రంథాలయమునకు ఇచ్చి వెళ్లిరి. కొన్నిటిలో పెండ్లి శుభలేఖలున్నవి, కొన్నిటిలో రేషను కార్డు నకళ్లున్నవి. ఒక నిఘంటువు అంచున ఎవరో ఇంగ్లీషు పాలన పదములకు తెలుగు మాటలు అందమైన దస్తూరీతో వ్రాసికొనిరి. రాజభాషా శాఖవారెవరో అయియుందురు. ఈ పెట్టెలలో కొన్ని తొమ్మిది యేండ్లుగా అట్లే యున్నవి. వాటిని తెరచి పేరుపుట చదువగలవారు ఆ గ్రంథాలయమున ఇంతకుముందు లేరు. అచటి ఉద్యోగులను తప్పుపట్టను. వారు చదువలేని లిపిలో నున్న పుస్తకమునకు వారేమి పేరు పెట్టగలరు? తప్పుపేరు పెట్టుటకంటె పెట్టెలో నుంచుటయే నయమని ఒక సీనియరు అధికారిణి నాతో అన్నది; ‘రావు బహదూరు’ చూచిన తరువాత ఆమెతో నేను ఏకీభవించితిని.

లెక్క చూచితిమి. పెట్టెకు ఇంచుమించు అరువది చొప్పున 840 పుస్తకములు. ఆనాడు సాయంకాలము ఆరింటికి పూర్తియైనవి పదకొండు. శిక్షణ ముగియుటకు పనిదినములు 52. హిందీ, ఇంగ్లీషు పనులన్నియు మానివేసి తెలుగే చేసినను 572 అగును. 268 మిగులును. నిజమునకు ఆ పనులు మానుట ఆమె చేతిలో లేదు. వారములో రెండు దినములు మాత్రమే తెలుగునకు ఇచ్చిరి. అటుల చూచిన పూర్తియగునవి సుమారు 230. తక్కినవి మరల మూతపడును. ఆ గ్రంథాలయమునకు తెలుగు చదువగల ఉద్యోగి పదవి మంజూరు కాలేదు. మంజూరునకు పాఠకుల సంఖ్య చూపుమందురు. సూచిలో లేని పుస్తకమునకు పాఠకుడెట్లు వచ్చును? ఈ విధమైన వలయములు మనకు క్రొత్త కాదు. అట్టి ఫైళ్లు మన బల్లల మీద నిత్యము చూచుచున్నాము.

నేను ఆ అధికారితో మాటలాడితిని. బయటివారు కంప్యూటరు ముట్టరాదు, ముద్ర వేయరాదు, అది సమంజసమే. కాని పెట్టెలు తెరచి, ఒక్కొక్క పుస్తకమునకు తెల్లకాగితము మీద పేరు, రచయిత పూర్తి పేరు, కలము పేరున్న అదియు, సంవత్సరము, స్థలము స్పష్టముగా వ్రాసి లోపల పెట్టుటకు శనివారములలో ఇద్దరు ముగ్గురు వచ్చిన అభ్యంతరము లేదని ఆమె అంగీకరించినది. అట్టి చీటీ యున్నచో పుస్తకమునకు ఇరువది నిమిషములకు బదులు ఏడెనిమిది పట్టునని అమ్మాయి అంచనా. ప్రాత అచ్చు చదువగల పెద్దలు మన సంఘములో ఉన్నారు. అమ్మమ్మలు, నాయనమ్మలు కూడ రావచ్చును. కుర్చీలున్నవి, పంకాలున్నవి, కాంటీను టీ బాగుండును. పేర్లిచ్చువారు సభానంతరము కార్యదర్శిగారి యొద్దనున్న పుస్తకములో వ్రాయవచ్చును.

చివరగా ఒక పుస్తకము. ఆనాటి పదకొండవది పూర్తియైన తరువాత పండ్రెండవది తీసితిమి. అది పూర్తి కాలేదు. నవల. మొదటి ఎనిమిది పుటలు లేవు, అట్ట లేదు. తొమ్మిదవ పుటతో ప్రారంభమై 212వ పుటతో ముగియును. పుటల నెత్తిన పేరు వేయలేదు. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్సులో కాపురముండు తెలుగు కుటుంబము కథ. భర్త గార్డు, భార్య పేరు కామేశ్వరి. తొమ్మిదవ పుటలో ఆమె తలుపు గడియ వేసి, రాత్రి బండి కూత విని, మరల గడియ తీయును. కాగితమును బట్టి 1950 ప్రాంతమని అమ్మాయి ఊహ. ఏ సూచిలోను వెదకుటకు వీలు లేదు, పేరు తెలిసిన గదా! దానిని వేరొక అరలో పెట్టి, ఈ వివరములన్నియు ఒక చీటీ మీద వ్రాసి దారముతో కట్టినది. ఆ నవల మీలో ఎవరైనను, మీ ఇంట పెద్దవారెవరైనను చదివియున్నచో, పేరు మాత్రము చెప్పిన చాలును. అమ్మాయి ఈ సభలోనే, వెనుక వరుసలో కూర్చున్నది.